ఒక్క బండి

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
టైర్ల గోడౌన్ మీద మా ఆఫీసు.
కింద మీరావలి మేస్త్రి లారీ బాడీల షెడ్డు.
అద్దం తలుపు ఎంత బిగించినా
రివెట్ల మోత నా కీబోర్డులోకి వస్తుంది.

గోడకి తెల్లబోర్డు,
దాని మీద పసుపు చీటీలు నూట పద్నాలుగు.
లాగిన్ వాళ్ళది ఒక గుంపు,
లెక్కల వాళ్ళది ఒక గుంపు,
తెరలు గీసే వినీల్ కిటికీ పక్కన,
తప్పులు వెతికే నేనూ సుభాషిణీ
ఏసీ నీళ్ళు కారే మూల.
చీటీ ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరిగితే
పని జరిగినట్టు.
శుక్రవారం సాయంత్రం దీనబంధు గారు
"డెబ్బై ఎనిమిది శాతం" అంటారు.
దేంట్లో డెబ్బై ఎనిమిదో అడిగితే
చిన్నబుచ్చుకుంటారు.

ఇదంతా పానకాలు గారి కోసం.
బందరు రోడ్డు దిగిన చోట లారీ బుకింగ్ ఆఫీసు,
ముప్పై బళ్ళు, ఒక బల్ల, కార్బన్ కాగితాల కట్ట.
బిల్టీలు రాసి రాసి
ఆయన చూపుడువేలి కొస నీలం.
ఆర్నెల్లుగా ఆయనకి మేమిచ్చింది
రెండు సమావేశాలు, ఒక డైరీ.

జూన్‌లో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం
టీ కోసం కిందికి దిగాను.
షెడ్డులో ఒక్కటే ఛాసిస్.
బయట ఎండలో ఇంకో నాలుగు,
ఒళ్ళు ఇంకా రాని ముఖాలు.
వడ్రంగి, వెల్డరు, టింకరు
అందరూ ఆ ఒక్కదాని మీదే పడ్డారు.
రంగుల కుర్రాడికి ఇంకా వంతు రాలేదు,
అయినా వడ్రంగి కోసం
పలక అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"తలో బండి మీద తలొకరు పడితే
త్వరగా తెమలదా మేస్త్రీ?"

ఆయన నోట్లో మేకులు. తీయకుండానే అన్నాడు:
"అదీ చేశాం పాపా, ఒకప్పుడు.
ఐదు బళ్ళూ సగం సగం అయినై.
ఐదుగురు ఓనర్లూ వచ్చి
ఐదు కుర్చీలేసుకు కూర్చున్నారు.
సగం లారీకి కిరాయి ఎవడిస్తాడు?"

అంతే. మళ్ళీ సుత్తి.
టీలో పంచదార ఎక్కువైంది.
మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది,
పైన నా పలక ఎవరూ పట్టుకోలేదు.
నేనూ ఎవరిదీ పట్టుకోలేదు,
నా బల్ల మీదికి రానిది నాది కాదు కదా అని.

తొమ్మిది రోజులు దీనబంధు గారితో గొడవ.
చివరికి నూట పదమూడు చీటీలు పీకి
బిస్కెట్ల డబ్బాలో పెట్టాం.
మిగిలింది ఒకటి:
"బిల్టీ అచ్చవ్వాలి."
బల్లలు కలిపేశాం, ఏసీ నీళ్ళ మూలతో సహా.
వినీల్‌కి రెండు రోజులు చేతిలో పనిలేదు,
ఊరికే కూర్చోవడం అతనికి జ్వరంలా ఉంది.
మూడో రోజు కుర్చీ జరుపుకుని వచ్చి
"ఏదైనా పట్టుకోనా?" అన్నాడు.
ఆ శుక్రవారం ఎవరూ శాతం చెప్పలేదు.
చెబితే ఒకటికి లోపే.

పదకొండో రోజు రాత్రి ఎనిమిదింటికి ఫోను.
పానకాలు గారు, మండిపోతూ:
"ఏమ్మా, మీ బిల్టీలో బండి నెంబరు
కిందికి జారి సంతకం మీద పడుతోంది!
లారీ లోడుతో నిలబడుంది ఇక్కడ!"

ఆర్నెల్లలో మాకొచ్చిన
మొదటి ఫిర్యాదు.

"లారీ లోడుతో నిలబడుంది,"
దీనబంధు గారు మెల్లగా
మళ్ళీ ఒకసారి అనుకున్నారు,
అప్పు తీరిన మనిషి రసీదు చదువుకున్నట్టు.
వినీల్ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

అందరం దిగాం.
షెడ్డులో వీధిదీపం వెలుగు ఏటవాలుగా పడుతోంది.
పొద్దుటిదాకా బండి ఉన్న చోట
నేలంతా రంపపు పొట్టు,
చక్రాల మేర మాత్రం శుభ్రంగా.